ముప్పై గ్రాములు

"స్టీరింగు మళ్ళీ ఊగుతోందిరా."

2016లో నాన్న ఫోను చేస్తే ముందు వినబడే మాట అదే. ఒంట్లో ఎలా ఉంది, పిల్లలు ఏం చేస్తున్నారు లాంటివన్నీ దాని తర్వాతే. నేను శనివారం సాయంత్రం సికింద్రాబాద్‌లో నారాయణాద్రి ఎక్కి రాత్రికి తెనాలిలో దిగేవాణ్ణి. ఎంత పొద్దుపోయినా నాన్న గేటు లైటు వేసుకుని అరుగు మీద కూర్చుని ఉండేవారు. ఆదివారం పొద్దున్నే కాఫీలు తాగి, కారు బయటికి తీసి, విజయవాడ ఆటోనగర్‌కు బయల్దేరేవాళ్ళం.

కారంటే తెల్ల మారుతి 800. 1999లో, రిటైర్మెంటుకు ఏడాది ముందు, ప్రావిడెంటు ఫండులోంచి డబ్బు తీసి కొన్నారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పిన మనిషి, కారును కూడా పాఠంలాగే చూసుకున్నారు. దాంతోపాటు ఇచ్చిన పుస్తకానికి అట్ట వేశారు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ మీటరు రీడింగు దాని చివరి పేజీల్లో రాసుకునేవారు. పదిహేనేళ్ళు నిండినప్పుడు ఫిట్‌నెస్ చేయించి, రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్ళు పొడిగించుకుని వచ్చారు. అదే యేడు అమ్మ పోయింది. డాష్‌బోర్డు మీద ఆమె అంటించిన బొటనవేలంత వినాయకుడు మాత్రం అక్కడే ఉన్నాడు.

మొదటిసారి ఫిబ్రవరిలో. దుగ్గిరాల మీదుగా వెళ్తున్నంతసేపూ ఏమీ తెలియలేదు. ఆ రోడ్డు మీద యాభై దాటడం కష్టం. మంగళగిరి దగ్గర హైవే ఎక్కి డెబ్భైకి రాగానే మొదలైంది. ముందు అరచేతుల్లో చీమలు పాకినట్టనిపించింది. ఎనభైకి వచ్చేసరికి స్టీరింగు మీద నా బొటనవేళ్ళు ఒక్కోటి రెండుగా కనబడ్డాయి. తాళాల గుత్తి గలగలలాడింది. వినాయకుడు అదిరిపోతున్నాడు. ఇంకాస్త తొక్కి తొంభై దాటిస్తే తగ్గింది. మళ్ళీ ఎనభైకి దించితే మళ్ళీ వచ్చింది. పక్కన నాన్న రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, "చూశావా, నేను చెప్పలా" అన్నారు.

ఆటోనగర్లో మాకు తెలిసిన మేస్త్రి ఒకాయన ఉన్నాడు. అరవై దాటినవాడు. చుట్టూ లారీ బాడీల వెల్డింగు మెరుపులు, సుత్తి దెబ్బలు, గ్రీజు వాసన. ఆ గోలలో ఆయన మెల్లగా మాట్లాడేవాడు, మనమే దగ్గరికి జరిగి వినాలి. నేను వెళ్ళగానే, "ఏం మార్చాలంటారు?" అని అడిగాను. ఆయన పానా కింద పెట్టి నా ముఖం చూశాడు.

"ఏం మార్చాలో తర్వాత బాబూ. ఎప్పుడు ఊగుతందో చెప్పు ముందు. ఎంత స్పీడులో? బ్రేకు తొక్కితేనా, ఊరికేనా? కాలు ఎక్సలేటరు మీదుంటేనా, తీసేస్తేనా? చేతుల్లో తెలుస్తందా, సీట్లో తెలుస్తందా?"

పాత కారు ముందు భాగం అదురుతోందని ఎవరు నాతో అన్నా ఇప్పటికీ ఈ నాలుగు ప్రశ్నలే వేస్తాను. వీటికి జవాబు తెలియకుండా సామాను కొనడం డబ్బు కాలవలో పోసుకోవడమే. బ్రేకు తొక్కినప్పుడే స్టీరింగు అదిరితే చూపు డిస్కు మీదికి పోవాలి. డిస్కు మందం అన్ని చోట్లా ఒకేలా లేకపోయినా, హబ్బుకూ దానికీ మధ్య తుప్పు పేరుకుని వెంట్రుకవాసి ఒరిగినా, ప్యాడ్లు పట్టుకున్నప్పుడల్లా చక్రం ఆగీ ఆగనట్టు లాగుతుంది. ఎక్సలేటరు నొక్కితే వచ్చి, న్యూట్రల్ చేసి దొర్లిస్తే పోయే అదురు డ్రైవ్ షాఫ్టు లోపలి జాయింటుది. స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటున్నప్పుడు టకటకమంటే బయటి జాయింటు. ఇరవై ముప్పైలోనే బండి కుంటుతున్నట్టుంటే టైరు లోపలి పొర విడిపోయి బుడిపె లేచి ఉంటుంది, లేదా రిమ్ము వంకరపోయి ఉంటుంది. హోరుమంటూ, బండి ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ హోరు మారితే బేరింగు. చేతుల్లో తెలిస్తే ముందు చక్రాలు, నడుముకు తెలిస్తే వెనక చక్రాలు. నిలబెట్టిన బండే అదురుతుంటే చక్రాల జోలికి పోనక్కర్లేదు, ఇంజను మౌంటింగులు చూసుకోవాలి. ఒక వేగం దగ్గర మొదలై, దాని మీద పెరిగి, ఇంకా తొక్కితే తగ్గిపోయేది మాత్రం ముందుగా బాలెన్సింగే.

నా జవాబులు విని మేస్త్రి లేచి ఎడమ ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ప్లాస్టిక్ మూత తీసి, రిమ్ము అంచు వెంట వేలు పోనిచ్చాడు. ఒకచోట ఆగాడు. అక్కడ చిటికెన గోరంత మేర రిమ్ము మెరుస్తోంది. మిగతా అంచంతా దుమ్మూ తుప్పూ. క్లిప్పుతో పట్టి ఉంచే సీసం ముక్క ఊడిపోయిన చోటు అది.

"వెయిట్ రాలింది. ఎడమ చక్రం రోడ్డు అంచునే పోతది కదా, గుంటలన్నీ దానికే" అన్నాడు.

బాలెన్సింగు కుర్రాడు చక్రం మిషను మీద ఎక్కించి తిప్పితే 30 అని చూపించింది. ముప్పై గ్రాముల ముక్క కొట్టాడు. మళ్ళీ తిప్పితే సున్నా. వచ్చేటప్పుడు వారధి మీద, దాటాక హైవే మీద, ఎనభైలోనూ తొంభైలోనూ స్టీరింగు ఒంటి చేత్తో పట్టుకోగలిగాను. వినాయకుడు కదల్లేదు.

తాడేపల్లి దాటాక టీ తాగడానికి ఆపాం. "ముప్పై గ్రాములకే అంత ఊపా నాన్నా?" అన్నాను. ఆయన అందుకోసమే చూస్తున్నట్టు జేబులోంచి పెన్ను తీసి, బాలెన్సింగు బిల్లు వెనక్కి తిప్పారు. చక్రం చుట్టుకొలత దాదాపు 1.6 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్ల పైన. అంటే సెకనుకు దాదాపు 14 చుట్లు. రిమ్ము అంచు ఇరుసు నుంచి 15 సెంటీమీటర్ల దూరం. గుణించుకుంటూ పోయి చివర గీత గీసి చూపించారు. ముప్పై గ్రాముల తేడా ఆ వేగంలో మూడున్నర కిలోల గుంజుడవుతుంది. సెకనుకు పద్నాలుగు సార్లు ఒకసారి పైకి, ఒకసారి కిందికి, ముందుకి, వెనక్కి. వేగం సగమైతే గుంజుడు నాలుగో వంతుకు పడిపోతుంది గనక నలభైలో అది కిలో కూడా ఉండదు.

"మరి తొంభైలో ఇంకా పెరగాలిగా? తగ్గిందేం?"

"ఊయల ఊపేవాడు దాని లయలో తోస్తే ఎత్తుకు పోతుంది. లయ తప్పించి తోస్తే పోదు. నీ కారు ముందు భాగానికి ఒక లయ ఉంది, ఎనభైలో చక్రం దాన్ని అందుకుంటోంది." టీ గ్లాసు పక్కన పెట్టి, బిల్లు మీద గుండ్రంగా గీసిన చక్రానికి ఒక పక్క చుక్క పెట్టి, దానికి సరిగ్గా ఎదుటి చోటును పెన్నుతో తట్టారు. "ఉన్న బరువు ఊపదురా. ఎదురుగా ఉండాల్సింది లేకపోతే ఊగుతుంది."

ఎన్నేళ్ళ తర్వాతో నాన్న నాకు పాఠం చెప్పారు. ఆ రోజు మాత్రం నాకు సంతోషంగానే అనిపించింది.

మూడు వారాలకు ఫోను. మళ్ళీ ఊగుతోంది.

వెళ్ళాను. హైవే మీద అదే అదురు, అదే ఎనభై. మూత తీస్తే అదే చోట వెయిట్ లేదు. కుర్రాడు క్లిప్పు సరిగ్గా పట్టలేదేమో అన్నాడు. కొత్త ముక్క వేశాడు. ఊపు పోయింది. ఏప్రిల్‌లో మళ్ళీ అంతే. అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. వెయిట్లు వాటంతటవే రాలవు, ఏదో వాటిని రాలగొడుతోంది, ఆ ఏదో కనిపెట్టాలి అనుకున్నాను. కుడి చక్రాన్ని ఎడమకూ, ఎడమదాన్ని కుడికీ మార్పించాను. ఇంత చవకైన పరీక్ష ఇంకొకటి లేదు. ఊపు చక్రం వెంట పోతే తప్పు చక్రానిది, చక్రం మారినా అక్కడే ఉంటే తప్పు హబ్బుదో దాని వెనకదో. మే నెలలో వెళ్ళేసరికి ఎడమకు వచ్చిన చక్రానికే వెయిట్ లేదు. కుడికి పోయిన పాత చక్రానిది భద్రంగా ఉంది. నాకు దొంగ దొరికినట్టే అనిపించింది. తప్పు కారు ఎడమ పక్కనే ఎక్కడో ఉంది.

జాకీ ఎత్తించి వరసగా చూశాం. చక్రాన్ని గడియారంలో 12, 6 ఉండే చోట పట్టి ఊపితే బేరింగులోనో, లోయర్ ఆర్ము బాల్ జాయింటులోనో ఉన్న ఆట తెలుస్తుంది. ఏమీ లేదు. 3, 9 ఉండే చోట పట్టి ఊపితే టక్, టక్. టై రాడ్ ఎండ్ పోయింది. నేను అటు ఊపుతుంటే మేస్త్రి దాని మీద వేలు పెట్టి, నా చేయి తీసి అక్కడ పెట్టించాడు. రబ్బరు మూత చిరిగి, గ్రీజంతా ఎండి, లోపలి గుండు దాని గూట్లో కదులుతున్నది వేలికి స్పష్టంగా తగిలింది. మార్పించి అలైన్‌మెంటు చేయించాను. అలైన్‌మెంటు తేడా ఉంటే బండి పక్కకు లాగుతుంది, టైరు ఒక వైపే అరుగుతుంది, కానీ ఇలా ఊపదు. టై రాడ్ ఎండ్ మార్చాక మాత్రం అది చేయించకుండా బయటికి రాకూడదు.

ఆ తర్వాత జూన్, జూలై. రిమ్ము అంచుకు చాక్‌పీసు ఆనించి చక్రం చేత్తో తిప్పి చూశాం. వంకర ఉంటే గీత ఒకచోటే పడుతుంది. ఇక్కడ చుట్టూ సమానంగా పడింది. టైరు పక్కన నాలుగంకెలు చదివితే 1411 అని ఉంది, 2011లో పద్నాలుగో వారం. ఐదేళ్ళ టైరు గనక రెండూ మార్పించాను. లోయర్ ఆర్ము బుష్‌లు పగుళ్ళిచ్చాయి, అవీ మారాయి. పాత కారులో ఉన్న చిక్కే ఇది. ఎక్కడ చెయ్యి పెట్టినా ఏదో ఒక అరుగుదల దొరుకుతుంది. దొరికినది తప్పే, కానీ మనం వెతుకుతున్న తప్పు అదే అవ్వాలని లేదు. ప్రతిసారీ ఏదో ఒకటి దొరికింది గనక ప్రతిసారీ ఇక ఇదే అనుకుని తిరిగొచ్చాను.

ఇంటి నుంచి ఆటోనగర్ దాకా నాన్న ఏదో ఒకటి చెబుతూనే ఉండేవారు. దుగ్గిరాల పసుపు యార్డు దగ్గర తాతయ్య పసుపు బళ్ళ వెంట వచ్చి రెండు రాత్రులు ఆరుబయట పడుకున్న సంగతి. మంగళగిరి గాలిగోపురం కనబడగానే అమ్మ దండం పెట్టుకోవడానికి కారు ఆపమనేదని. నేను అద్దం కొంచెం దించి ఎడమ చక్రం చప్పుడు వింటూ ఊఁ కొట్టేవాణ్ణి. ఒకసారి, "నాన్నా, ఒక్క నిమిషం ఆగండి, ఇక్కడే వస్తుంది" అన్నాను. ఆయన ఆగారు. మళ్ళీ మొదలుపెట్టలేదు.

ఆగస్టులో కృష్ణా పుష్కరాలు. రోడ్ల నిండా జనం, ఎక్కడికక్కడ బండ్లు మళ్ళించారు. ఆదివారం వెళ్ళలేక సోమవారం సెలవు పెట్టాను. ఆ పూట నాన్న తనే బజారుకెళ్ళి గోంగూర తెచ్చి, అమ్మ రాసిపెట్టిన కొలతలు చూసి పచ్చడి నూరారు. ఉప్పెక్కువైంది. ఇద్దరం ఏమీ అనుకోకుండా తినేశాం.

సెప్టెంబరులో మేస్త్రి మీటరు రీడింగు చూసి, తన చిట్టాలో పోయినసారి రాసుకున్నది చూసి, నాన్న వంక చూశాడు. "బండి పెద్దగా తిరుగుతున్నట్టు లేదే మాస్టారూ" అన్నాడు.

"ఎక్కడికెళ్తాను, వయసైపోయిందిగా రెంటికీ" అన్నారు నాన్న.

మేస్త్రి ఇంకేమీ అడగలేదు. ఆ రోజు నుంచి మజూరీ తీసుకోలేదు. బాలెన్సింగు డబ్బులు మాత్రం ఆ షాపువాళ్ళకు ఇచ్చేసి పొమ్మనేవాడు. పాత పరిచయం గదా అనుకున్నాను.

నవంబరు వచ్చేసరికి నా సహనం పోయింది. అప్పటికి తొమ్మిది సార్లు తిరిగాను. అదే రైలు, అదే చక్రం. మూత తీసి ఈసారి టార్చి వేసి చూశాను. వెయిట్ ఉండాల్సిన చోట రిమ్ము అంచున రెండు సన్నటి గీతలున్నాయి, ఏదో పదునైన దానితో ఎత్తినట్టు. నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. బాలెన్సింగు కుర్రాడు పాత ముక్క తీసేటప్పుడు అంచు చెడగొట్టి, దాని మీదే కొత్తది కొడుతున్నాడు, అందుకే క్లిప్పు పట్టు ఆగడం లేదు. నేరుగా బాలెన్సింగు షాపుకెళ్ళి, ఓనరు ముందు, బేరానికొచ్చిన నలుగురి ముందు ఆ కుర్రాణ్ణి కడిగేశాను. పని రాకపోతే మానుకో, నీ చేతకానితనానికి మా నాన్న ఈ వయసులో ఇన్నిసార్లు తిరగాలా అన్నాను. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. "నేను సరిగానే కొట్టా సార్" అని ఒక్కసారి అని, తర్వాత తల వంచుకుని నిలబడ్డాడు. చేతులకు అంటిన నల్లటి మసి తుడుచుకుంటూనే ఉన్నాడు.

నాన్న కారు దిగి వచ్చారు. "వాణ్ణేమీ అనకురా. వాడి తప్పేం లేదు" అన్నారు. ఆయన గొంతు అలా వణకడం నేను అమ్మ పోయినప్పుడు కూడా వినలేదు. జేబులోంచి వంద కాగితం తీసి ఆ కుర్రాడి చొక్కా జేబులో పెట్టి, భుజం మీద చెయ్యి వేశారు. పెద్ద నోట్లు రద్దయిన రెండో వారం అది. వంద కాగితం కోసం జనం తెల్లవారకముందే బ్యాంకుల ముందు నిలబడుతున్న రోజులు. నాన్న కూడా ఆ ముందు రోజు మూడు గంటలు లైన్లో నిలబడి తెచ్చుకున్న కాగితాలే అవి. చాలా మంచి మనిషి మా నాన్న అనుకున్నాను. తిరుగు దారిలో ఆయన ఏమీ మాట్లాడలేదు.

ఆ తర్వాత ఒక నెల ఫోన్లో కారు మాట రాలేదు. డిసెంబరు మధ్యలో మళ్ళీ వచ్చింది, ఈసారి మెల్లగా. "కొద్దిగానేలే. వీలైతేనే రా."

అప్పటికి నేను మందు కనుక్కున్నాను. క్లిప్పు వెయిట్లు అంచు మీద ఉంటాయి గనక రాలుతున్నాయి. అల్లాయ్ చక్రాలకు వేసేలాంటి అంటించే పట్టీలున్నాయి, ఐదేసి గ్రాముల గళ్ళు వరసగా ఉంటాయి. వాటిని రిమ్ము లోపలి వైపు, బయటికి కనబడని చోట అంటిస్తే గుంటలో పడ్డా రాయి తగిలినా ఏమీ కాదు. ఇనుప రిమ్ముకు కూడా పట్టుకుంటాయి, అంటించే చోటు శుభ్రంగా ఉంటే చాలు. మేస్త్రికి చెబితే, "ఎందుకులే బాబూ, క్లిప్పుదే ఇంకోటి కొట్టిస్తా" అన్నాడు. నేను పట్టుబట్టాను. ఆయన నాన్న వైపు తిరిగి, "మాస్టారూ, ఏం చెయ్యమంటారు?" అని అడిగాడు. కారు నాది కాదు గనక అడిగాడనుకున్నాను.

నాన్న కొంచెంసేపు చక్రం వంక చూశారు. "వాడు చెప్పినట్టే వెయ్యి" అన్నారు.

చక్రం విప్పించి, లోపలి తుప్పు ఎమరీ కాగితంతో నేనే గీకాను. స్పిరిట్టుతో రెండుసార్లు తుడిచాను. పట్టీ వెనక కాగితం లాగి, మిషను చూపించిన చోట అంటించి, రెండు బొటనవేళ్ళతో నిమిషంసేపు నొక్కి పట్టుకున్నాను. ఆ కుర్రాడు పక్కనే నిలబడి చూశాడు, మాట్లాడలేదు. హైవే మీద నూరు దాకా తొక్కాను. స్టీరింగు మీద రూపాయి బిళ్ళ నిలబెట్టొచ్చన్నంత నిలకడ.

"ఇక రాలదు నాన్నా. ఇంక మీకీ తిప్పలు లేవు" అన్నాను.

"మంచి పని చేశావురా. ఇంక నువ్వు కూడా అంత దూరం నుంచి పరిగెత్తుకు రానక్కర్లేదు" అన్నారు. రాత్రి రైలుకు నన్ను స్టేషను దాకా ఆయనే కారులో దింపారు.

సంక్రాంతికి అత్తగారింటికి వెళ్ళాం. ఫిబ్రవరిలో ఆఫీసులో కొత్త ప్రాజెక్టు. మార్చిలో పిల్లల పరీక్షలు. ఫోను చేసినప్పుడల్లా కారెలా ఉందని అడిగేవాణ్ణి. "రాయిలా ఉంది. ఊగట్లేదు" అనేవారు. నాకు తృప్తిగా ఉండేది. ఒకసారి ఏప్రిల్‌లో అనుకుంటాను, ఫోను పెట్టెయ్యబోతుంటే, "నీ పని గట్టిదేరా" అన్నారు.

మే మొదటి వారంలో పక్కింటి పిన్నిగారు ఫోను చేశారు. పాలు తీసుకోవడానికి తలుపు తియ్యలేదట. నిద్రలోనే పోయారు.

పెద్దకర్మ అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. కారు హైదరాబాదు తీసుకెళ్దామనుకున్నాను. షెడ్డు తలుపు తీస్తే ఎడమ ముందు చక్రంలో గాలి దిగిపోయి ఉంది. ఆ షెడ్డులో కుడి పక్క గోడకూ కారుకూ మధ్య మనిషి దూరడానికి చోటుండదు, ఎడమ పక్కనే కాస్త ఖాళీ. అక్కడ ఒక పాత గోనెపట్టా నాలుగు మడతలు వేసి పరిచి ఉంది, మోకాళ్ళు ఆనించుకోవడానికన్నట్టు. స్టెప్నీ వేద్దామని జాకీ కోసం డిక్కీ తెరిచాను. జాకీ పక్కన పనిముట్ల సంచిలో నా పదో తరగతి జామెట్రీ పెట్టె కనబడింది. మూత మీద నేను మేకుతో గీకిన నా పేరు ఇంకా ఉంది. తెరిస్తే అందులో ఒక చిన్న స్క్రూడ్రైవరు, గుడ్డపీలికలో చుట్టిన సీసం ముక్కలు. ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టి లెక్కపెట్టాను. పది. ముప్పైవి ఆరు, ఇరవై అయిదువి మూడు, ముప్పై అయిదుది ఒకటి. నేను ఆ యేడు పదకొండు సార్లు వచ్చాను. మొదటిసారిది నిజంగానే రోడ్డు మీద రాలిపోయి ఉంటుంది.

అట్ట వేసిన పుస్తకం గ్లవ్ బాక్సులోనే ఉంది. ఎనభైలో ఊగే కారది. నెలల తరబడి ఒక ఆటోనగర్ ప్రయాణానికీ ఇంకోదానికీ మధ్య రాకపోకల దూరం మించి రీడింగు పెరగలేదు.

చాలాసేపటికి లేచి జాకీ ఎత్తి, నాలుగు నట్లు విప్పి, చక్రం కిందికి దించి బోర్లించాను. రిమ్ము లోపల నేను అంటించిన పట్టీ నేను అంటించిన చోటే ఉంది. దాని చుట్టూ పెయింటు లేచిపోయి, ఇనుము తెల్లగా బయటపడి, ఒకదాని మీద ఒకటి గీతలు. కొన్ని పాతవి, తుప్పు పట్టాయి. కొన్ని కొత్తవి, ఇంకా మెరుస్తున్నాయి. డెబ్భై నాలుగేళ్ళ మనిషి ఒక్కరే జాకీ ఎత్తుకుని, ఆ గోనెపట్టా మీద కూర్చుని, ఎన్నిసార్లు ప్రయత్నించారో. పట్టీ చివర ఒక గడి, ఐదు గ్రాములది, కాస్త పైకి లేచింది. మిగతాది రాలేదు.